డౌన్ లైన్‌లో మిగిలిన నీళ్లు

ఫిబ్రవరి 3

రెండో అంతస్తు డక్టులో పాత జీఐ లైను ఎల్బో దగ్గర చెమ్మ దిగుతోంది. ఆ ముక్క కోసేసి సీపీవీసీ వేద్దామని కమిటీలో తేలింది. ఎల్లుండి పొద్దున 9 నుంచి నీళ్లు బంద్. లిఫ్టు పక్కన నోటీసు అంటించి, 'గీజర్లు ఆపేయండి' అని ఎర్ర సిరాతో రాశాను. లైను దించేటప్పుడు కొన్ని గీజర్లలోని నీళ్లు కూడా వెనక్కి జారతాయి. నీళ్లు లేని గీజరులో కాయిల్ కాలిపోతుంది. ఎన్నిసార్లు చెప్పినా ఒకరిద్దరి ఇళ్లలో ఎర్రలైటు వెలుగుతూనే ఉంటుంది.

ఫిబ్రవరి 5

ట్యాంకు కింద గేట్‌వాల్వ్ కట్టేశారు. కింది ఫ్లాటులో కుళాయి విప్పితే కాసేపు కారి ఆగిపోయింది. "లైను ఖాళీ అయిపోయిందన్నా" అంటూ కుర్రాడు హాక్సా బ్లేడు తీశాడు. మేస్త్రీ వాణ్ణి ఆపి, "ముందు పై ఫ్లాటుల్లో కుళాయిలు విప్పిరా పో" అన్నాడు. వాడు పైన విప్పాడో లేదో, కింద భళ్లున ధార!

గాలి లోపలికి వస్తేనే నీళ్లు బయటికి వెళ్తాయి. పైన అన్నీ బిగించి ఉంటే, బయటి గాలి ఒత్తిడి దాదాపు 10 మీటర్ల ఎత్తు నీటిని గొట్టంలో నిలబెట్టగలదు. అంటే మూడంతస్తులు. రెండంగుళాల గొట్టంలో మీటరుకు సుమారు 2 లీటర్లు పడతాయి. తొందరపడి కోసుంటే 20 లీటర్ల దాకా డక్టులోని కరెంటు వైర్ల మీద పడేవి.

అంతటితో అయిపోలేదు. బాత్రూము స్లాబు కింద క్లాంపు ఊడి లైను వంగింది. ఆ వంపులో నిలిచిన నీళ్లు ఎన్ని కుళాయిలు విప్పినా రావు, బ్లోయర్‌తో ఊది గెంటాల్సిందే. పైనుంచి చుక్కచుక్క కారడం వేరే తంటా. బోరునీటి గార పట్టిన గేట్‌వాల్వ్ ఎంత బిగించినా పూర్తిగా మూసుకోదు. తడి మీద సొల్యూషన్ రాస్తే సీపీవీసీ జాయింటు నిలవదు. అమెరికాలో రాగి గొట్టాలకు టంకం వేసేవాళ్లు ఇలాంటప్పుడు లోపల తెల్ల బ్రెడ్డు ముద్ద కూరుతారట. అది చుక్కను ఆపి, తర్వాత నీళ్లతో కరిగి కొట్టుకుపోతుందట. మా మేనల్లుడు ఫోన్లో చెప్పింది మేస్త్రీకి చెబితే, "మనకు టీలోకే చాలట్లేదు సార్" అన్నాడు. చివరికి ట్యాంకు లోపలే ఔట్‌లెట్‌కు డమ్మీ బిగించాక చుక్క ఆగింది.

ఫిబ్రవరి 6

రాత్రంతా సొల్యూషన్ ఆరనిచ్చి, పొద్దున వాల్వ్ కొద్దికొద్దిగా తిప్పాం. ఒక్కసారిగా వదిలితే లోపలి గాలి ఇరుక్కుని గొట్టాలు దడదడలాడతాయి. పై కుళాయిలు బుసకొట్టి, తుప్పునీళ్లు కక్కి, తేటపడ్డాయి. జాయింటు పొడిగా ఉంది.

లైను అడుగున ఒక టీ, ఒక బాల్‌వాల్వ్ ఉంటే నిన్నటి తిప్పలు సగం తప్పేవి. కట్టినప్పుడు బిల్డరు మిగుల్చుకున్నది ఆ రెండింటి ఖరీదే. మిగతా డౌన్ లైన్లన్నిటికీ డ్రెయిన్ వాల్వులు పెట్టించే సంగతి ఈసారి మీటింగులో మొదటి అంశం. కమిటీవాళ్లు డబ్బుల దగ్గర నసిగితే నిన్న తడిసిన డక్టును చూపిస్తాను.