బెర్రీక్రీక్ జలపాతము

కాలిఫోర్నియా రాష్ట్రములో సాన్ హోసే పట్టణమునకు నైరుతిదిక్కున శాంటా క్రూజ్ కొండలు కలవు. కొండలకు ఇవతల ఎండ, రహదారులు, కచేరీలు. అవతల పసిఫిక్ మహాసముద్రము. నడిమి లోయలలో రెడ్‌వుడ్ అను మహావృక్షములు పెరుగుచున్నవి. దక్షిణ ఆరెగాన్ మొదలుకొని మధ్య కాలిఫోర్నియావఱకు సముద్రతీరము నంటియున్న సన్నని పట్టెలో తప్ప ఇవి మఱెచ్చటను తమంత తాము పెరుగవు. వేసవిలో ఆ ప్రాంతమున వాన లేదు. అయినను సముద్రముమీదినుండి లోయలలోనికి వచ్చు పొగమంచు ఆకులకు తగిలి బొట్లుబొట్లుగా నేలకు రాలును. చెట్టు ఏడాదిలో త్రాగు నీటిలో ఇంచుమించు మూడవవంతు ఈ మంచువలననే దొరకునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టియున్నారు. చెట్టు తన వానను తానే కురిపించుకొనుచున్నదన్నమాట.

ఇట్టి యడవికి గంటన్నర దూరములో మేము ఏండ్లతరబడి కాపురము చేయుచుండియు, బిగ్ బేసిన్ అను ఉద్యానవనములోని బెర్రీక్రీక్ జలపాతమును చూడవలెనని అనుకొనుటయే గాని పోయినది లేదు. కారణము సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఒకరి పిల్లవానికి పరీక్ష, ఒకరి యింట చుట్టములు, ఒకరికి వారమునకు సరిపడు దినుసులు తెచ్చుకొనుటకు ఆదివారము తప్ప మఱియొక దినము లేదు. ఆ జలపాతమునకు పోయి వచ్చుట పది మైళ్లకు మించిన కొండనడక. తెల్లవాఱగనే బయలుదేరినను చీకటిపడువేళకుగాని యిల్లు చేరము. కడకు 2019 ఏప్రిలులో ఒక ఆదివారము నిశ్చయించి, స్నేహితురాండ్రము అయిదుగురము పిల్లలను వారి తండ్రులకు ఒప్పగించితిమి. మధ్యాహ్నమునకు కూర, పప్పు చేసిపెట్టి పోవుదుమా యని ఒకరు సందేహింపగా, వారికిని చేతులున్నవి గదా యని తక్కినవారు ఆ మాటను త్రోసివేసిరి.

మాకు తోడు ఆఱవవారు పిన్నిగారు. మాలో ఒకరి తల్లి, ఊరు మాచెర్ల. కూతును చూచిపోవుటకు ఆఱునెలలకై వచ్చియుండిరి. అఱువదిరెండేండ్ల మనిషి, అంత నడువగలరా యని మేము జంకుచుండగా ఆమెయే, "ఇంట్లో కూర్చుని గోడలు చూడడానికా అమ్మాయీ, నేను ఇన్ని సముద్రాలు దాటి వచ్చింది?" అనిరి. చీర చెంగు నడుమున దోపుకొని, కూతురి కాన్వాసు జోళ్లు తొడిగికొని, అందఱికంటె ముందే కారులో కూర్చుండిరి.

సరటోగా అను చిన్న ఊరు దాటినది మొదలు దారి పాము మెలికలు తిరుగుచు కొండ యెక్కి, ఆవలి ప్రక్కకు దిగును. ఉద్యానవనము చేరునప్పటికి ఎనిమిదిన్నర. అడవిలో ఫోనులు పలుకుట లేదు. ఈ సంగతి తెలిసి మాలో ఇద్దఱు కొంత కలవరపడిరి. ఒక గంట గడచినపిమ్మట దానిని గుఱించి ఎవ్వరును తలచుకొనలేదు. ఇల్లు పిలువదని నిశ్చయముగ తెలిసియున్న దినము ఆడువారికి ఎన్నాళ్లకు దొరకును?

మ్రాకులను గుఱించి వ్రాయుట కష్టము. అడవితండ్రి యని పేరుపెట్టిన చెట్టు మొదలును మేమాఱుగురము చేతులు పట్టుకొని చుట్టదలచినను సగమునకు చాలము. అడవితల్లి యనునది మున్ను మున్నూట యిరువదియడుగులకు మించి యుండి, గాలివానలో తల విఱిగి కొంత తగ్గినది. ఇంతటి చెట్టునకు కాయ ఒక చిన్న రేగుపండంత. వేళ్లు లోతునకు పోక నేలలో నడ్డముగా నూఱేసి యడుగులు పాకి, పొరుగుచెట్ల వేళ్లతో పెనవేసికొని నిలుచును. ఒక చెట్టు కూలినయెడల దాని మొదలు చుట్టును క్రొత్త మొక్కలు లేచి, కాలక్రమమున వలయాకారముగ మహావృక్షములగును. తల్లి నిలిచియుండిన చోటు నడుమ బోసిగా మిగిలిపోవును. అట్టి వలయమొకటి చూచి పిన్నిగారు లోనికి పోయి, నడుమ కొంతసేపు నిలుచుండిరి. ఆమె భర్త పోయి అప్పటికి ఏడాది కాలేదు. మేమెవ్వరమును పలుకరింపలేదు.

వంతెన దాటి, కొండ యెక్కి, ఆవలి లోయలోనికి దిగితిమి. క్రింద ఎండ లేదు. నేలయంతయు మూడేసి యాకుల చిన్నమొక్క పచ్చగా పఱచుకొనియుండెను. ఎండ సోకిన చోట్ల ఆకులు గొడుగు మడిచినట్లు క్రిందికి ముడుచుకొనియున్నవి. పిన్నిగారు వంగి చూచి, "ఇది మన పులిచింతాకే కదే! పప్పులో వేసుకోవచ్చు," అనిరి. నిజమే. మన పెరళ్లలోని పులిచింతకు ఇది దాయాది. పూవు మాత్రము పసుపు కాదు, తెలుపును గులాబియు కలిసినది. ఉద్యానవనములో ఆకు త్రుంచుట నిషిద్ధమని కూతురు చెప్పుటచేత పప్పు సంగతి అంతటితో ఆగినది. ఆమె చూపు అటుపిమ్మట చెట్లమీదికంటె నేలమీదనే నిలిచి, అఱచేయంత పొడవున అరటిపండు రంగులో దారికి అడ్డముగా పోవు నత్తలను, పెంకులు లేని వానిని, మాకు ఒక్కొక్కటిగా చూపుచుండిరి.

జలపాతము చూచుటకుముందే వినవచ్చును. ఒక మలుపు తిరుగగానే ఎదుట కనబడినది. అఱువది డెబ్బది యడుగుల ఎత్తు. నాచుపట్టిన నల్లని రాతిమీద తెల్లగా పలుచగా పఱచుకొని దిగుచున్నది. ఇరుప్రక్కల రెడ్‌వుడ్ మ్రాకులు, రాతిసందులలో పచ్చని ఫెర్నులు. ఎదుట పలకలతో కట్టిన తిన్నె యున్నది. దానిమీద కూర్చుండి పులిహోర, దద్దోజనము, ఆవకాయ విప్పితిమి. పిన్నిగారు నీటిని చాలసేపు చూచి, "మా ఎత్తిపోతల అంతే ఉంది, దీనికోసమా ఇంత దూరం!" అనిరి. చంద్రవంకవాగు ఎత్తిపోతలవద్ద దూకు ఎత్తు డెబ్బది యడుగులే గనుక ఆ మాటకు బదులు చెప్పుటకు లేదు. మఱికొంతసేపటికి ఆమెయే, "అక్కడ ఎండ. ఇక్కడ నీళ్లు చీకట్లోంచి వస్తున్నాయి," అని తిరుగు ప్రయాణము మొదలిడువఱకు మఱేమియు మాటలాడలేదు.

ఈ యడవి నేటివఱకు నిలుచుటకు స్త్రీలు ఎంత కారణమో తిన్నెమీదనే మాలో చదువరియైనవారు చెప్పిరి. 1849 నాటి బంగారపు వేటనుండి ఇచ్చటి రెడ్‌వుడ్‌లను నఱికి యిండ్లకును రేవులకును వాడిరి. అనాదిగానున్న అడవిలో నేడు నూటికి అయిదు పాళ్లు మిగిలినది. 1899లో ఈ కొండలలో రేగిన కార్చిచ్చులో జోసెఫీన్ క్లిఫర్డ్ మెక్రాకిన్ అను రచయిత్రి యిల్లు కాలిపోయెను. ఇల్లు పోయిన ఆమె మఱుసటి యేట పత్రికలో వ్రాసినది యింటిని గుఱించి కాదు, మిగిలిన మ్రాకులను కాపాడుడని. ఆండ్రూ హిల్ అను ఛాయాచిత్రకారుడును, కారీ స్టీవెన్సు వాల్టరు అను కవయిత్రియు, మఱికొందఱును 1900 మేలో ఈ బేసినులో డేరాలు వేసికొని ఉండి, సంఘమొకటి స్థాపించిరి. టోపీ చుట్టు త్రిప్పగా ఆనాడు పోగైనది ముప్పదిరెండు డాలర్లు. 1902 నాటికి ప్రభుత్వము 3,800 ఎకరములు కొని ఉద్యానవనము చేసినది. కాలిఫోర్నియా స్త్రీలకు ఓటుహక్కు వచ్చినది 1911లో. చట్టసభలకు సభ్యుల నెన్నుకొను అధికారము లేనివారు ఆ సభలచేత అడవిని కొనిపించిరి.

పైకి పోవుదారి జలపాతము ప్రక్కనుండియే. ఒకచోట రాతిలో మలచిన మెట్లు, పట్టుకొనుటకు ఇనుపత్రాడు. మఱి రెండు జలపాతములు కలవు. వానిలో ఒకటి బంగారుజలపాతమను పేరుగలది, నారింజవన్నె రాతిమీద జాఱుడుబల్లవలె దిగును. మాకు అదియే ఎక్కువ నచ్చినది. అప్పటికి కాళ్లు మావి కావు. చివరి మూడుమైళ్లును పిన్నిగారే ముందు నడచిరి.

2020 ఆగస్టు 16వ తేదీ తెల్లవాఱుజామున ఆ కొండలమీద వానలేని పిడుగులు పడెను. రెండుదినములలో ఆ మంటలు బిగ్ బేసినును చుట్టుకొని, ఉద్యానవనములో నూటికి తొంబదియేడు పాళ్లు కాల్చివేసినవి. మేము దారిపటము తీసికొన్న పాతకాలపు దూలముల కచేరీ మిగులలేదు. ఆ వారము సాన్ హోసేలో ఆకాశము ఎఱ్ఱబాఱియుండగా, కిటికీలు మూసికొని, పొగవాసనలో కూర్చుండి, నడచిన దారులను ఒక్కొక్కటిగా తలచుకొంటిమి. మాచెర్లనుండి పిన్నిగారు ప్రతిదినము పిలిచి, కూతురి క్షేమము తెలిసికొన్న పిమ్మట, "ఆ చెట్లో?" అని అడుగుచుండిరి.

2022 జులైలో ఉద్యానవనమును కొంతమేరకు మరల తెఱచిరి. జలపాతపు దారి తెఱువలేదు. ఆ శరదృతువులో మేము పోయి పెద్దమ్రాకుల చుట్టుదారి మాత్రము నడచితిమి. కచేరీ యున్నచోట బయలు. డగ్లస్ ఫర్ చెట్లు చాలవఱకు చచ్చినవి. కాని రెడ్‌వుడ్ బెరడు అడుగుమందముండి, అందులో జిగురు లేనందున, నిప్పు లోనికి సులువుగ చొరదు. అడవితల్లియు అడవితండ్రియు నిలిచియున్నారు. కొమ్మలు మాడి నల్లని స్తంభములైన చెట్లకు అడుగునుండి నడినెత్తివఱకు బెరడు చీల్చుకొని పచ్చని చిగురు, ఒంటినిండ రోమములు లేచినట్లు. ఆకులులేని చెట్టు తాను దశాబ్దములకు ముందు ఎండనుండి కూడబెట్టుకొన్న ఆహారమును వెచ్చించి ఆ చిగురు వేసినదని, ఈ యడవినే పరిశోధించినవారు 2023లో ప్రకటించిరి.

నేలమీది బూడిదలో మూడేసి యాకుల మొక్క అచ్చటచ్చట లేచియుండెను. సిగ్నలు దొరకు మలుపువఱకు వచ్చి, కారు ఆపి, మాచెర్లకు ఫోను చేసితిమి. అచ్చట అర్ధరాత్రి దాటినది. ఒక్కమాఱు మ్రోగగానే పిన్నిగారు ఎత్తిరి.