వేగము - వివేకము

రెండవ ప్రపంచయుద్ధకాలంలో విమానాల కోసం వేసిన చోళవరం దారి, తరువాత మద్రాసు ఔత్సాహికుల కారు పందేలకు రంగమయింది. 1990 నుండి ఇరుంగాట్టుకోట్టైలో అందుకు ప్రత్యేక పథమే ఉన్నది. జీతం కోసం కాక, కేవలం వేగంలోని ఆనందం కోసమే అక్కడికి వచ్చేవారున్నారు. ఎదురుబండి గాని బాటసారి గాని లేని చోట తన నేర్పును తాను కొలుచుకోవడం నిందింపదగిన పని కాదు.

కాని వేగం రెండింతలయితే, బ్రేకు నొక్కిన తరువాత బండి సాగే దూరం నాలుగింతలవుతుంది. ఔత్సాహికుడని ఈ లెక్క ఎవరినీ మన్నించదు. మూల్యం చెల్లించేది నడిపేవాడొక్కడే కాదు: 1955లో లెమాన్ పందెంలో 80 మందికి పైగా మరణించారు, వారిలో అత్యధికులు చూడవచ్చినవారే. మలుపుకు ముందే వేగం తగ్గించడం, వెనుకవానికి దారి ఇవ్వడం, అలసట తెలియగానే బండిని పక్కకు తీయడం పిరికితనమని యువకులు నవ్వవచ్చు. మరునాటి ఆనందానికి పెట్టుబడి అదే.