సాయంత్రమే సిద్ధపడే బండి



హిమాలయ పర్వతముల నడుమ, సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ పట్టణమును చూచే భాగ్యము ప్రభువు మాకు దయచేశాడు. 1885లో మొరేవియన్ మిషనరీలు అక్కడ సువార్త పని ఆరంభించారు. వారు నాటిన సంఘము చిన్నదైనా నేటికీ నిలిచి ఉన్నది. ఆ సహోదరులతో కొన్ని దినములు గడపాలని జనవరి నెలలో బయలుదేరాము. శ్రీనగర్ నుండి వచ్చే దారిని చలికాలములో మంచు వలన తరచు మూసివేస్తారు గనుక ఢిల్లీ నుండి విమానములో వెళ్లాము.

అక్కడ రాత్రివేళ చలి మైనస్ 15, 20 డిగ్రీల వరకు దిగుతుంది. బకెట్టులోని నీళ్లు తెల్లవారేసరికి రాయిలా గడ్డకడతాయి. ఇటువంటి చోట జీపులు, లారీలు ఎలా కదులుతాయా అని మాకు ఆశ్చర్యము కలిగింది. మమ్మును గ్రామములకు తీసుకొనివెళ్లిన డ్రైవరు సహోదరుని అడిగితే ఓపికగా అన్నీ వివరించాడు.

చలికాలములో మన ఇండ్లలో కొబ్బరినూనె సీసాలో పేరుకొనుట మనకు తెలిసినదే. డీజిల్‌లో కూడా మైనము వంటి పదార్థము ఉంటుంది. గట్టి చలిలో అది పేరుకొని ఫిల్టరును మూసివేస్తుంది. ట్యాంకు నిండా డీజిల్ ఉన్నా ఇంజనుకు చుక్కయినా అందదు. పూర్వము డ్రైవర్లు డీజిల్‌లో కొంత కిరోసిన్ కలిపేవారు. తెల్లవారుజామున ట్యాంకు క్రింద మంట పెట్టి కాచేవారు. అదెంత అపాయమో చెప్పనక్కరలేదు. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ మైనస్ 33 డిగ్రీల చలిలో కూడా పేరుకొనని ప్రత్యేక డీజిల్‌ను లడఖ్‌కు తెచ్చిన తరువాత ఆ బాధ చాలా తగ్గింది.

అయినా చేయవలసిన పనులు ఇంకా ఉన్నాయి. నీరు గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది గనుక రేడియేటరులో వట్టి నీరు ఉంటే ఇంజనే పగిలిపోవచ్చు. అందుచేత గడ్డకట్టని కూలెంటు పోస్తారు. ఇంజనులో పలుచని ఆయిల్ వాడుతారు. హ్యాండ్ బ్రేకు వేస్తే రాత్రికి బిగుసుకొనిపోతుందని బండిని గేరులో ఉంచి, చక్రములకు రాళ్లు అడ్డుపెడతారు. బ్యాటరీని విప్పి ఇంటిలో వెచ్చగా ఉంచేవారూ ఉన్నారు. చలికి బ్యాటరీ బలము తగ్గుతుంది. నిండుగా చార్జి ఉన్న బ్యాటరీ ఆ చలిని తట్టుకొంటుంది గాని, చార్జి దిగిపోయినది గడ్డకట్టి పగిలిపోవచ్చు. ఒక హెచ్చరిక కూడా చేశాడు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు. వాసన లేని విషవాయువు ప్రాణము తీస్తుంది. మన ఊళ్లలో జనరేటరు వాడే కుటుంబములు కూడా దీనిని మరువరాదు.

"పాస్టరు గారూ, ఇక్కడ బండి పొద్దున స్టార్టు కాదు, రాత్రే స్టార్టవుతుంది" అన్నాడు ఆయన నవ్వుతూ. ఆ మాట వెనుక ఎంత బరువున్నదో గ్రామములకు వెళ్లిన తరువాత గ్రహించాము. దూరపు ఊరిలో అర్ధరాత్రి ఒక స్త్రీకి నొప్పులు మొదలైతే ఆసుపత్రికి చేర్చవలసినది ఆ బండియే. అప్పుడు కూలెంటు కొరకు, బ్యాటరీ కొరకు వెదకుటకు సమయము ఎక్కడిది? ముందు సాయంత్రము ఎవరో నమ్మకముగా చేసిన పని వలన తల్లీబిడ్డలు బ్రతుకుతారు.

మత్తయి సువార్త 25వ అధ్యాయములోని పదిమంది కన్యకల సంగతి మనకు తెలిసినదే. అందరికీ దివిటీలు ఉన్నాయి, అందరూ నిద్రపోయారు. తేడా అంతా నిద్రకు ముందే నూనె సిద్ధపరచుకొనుటలో ఉన్నది. మన కుటుంబములలో కూడా శోధన, రోగము, మరణము చెప్పి రావు. ఆ ఘడియలో ప్రార్థన నేర్చుకొనుటకు వ్యవధి ఉండదు. ప్రతి సాయంత్రము పిల్లలను కూర్చోబెట్టుకొని చేసే కుటుంబ ప్రార్థనయే మన సిద్ధపాటు. ఖాళీ అయిన హృదయము చలికి పగిలిపోతుంది, నిండినది నిలుస్తుంది.

మంచుదారులలో బండ్లు నడుపుచున్న ఆ సహోదరులను, అక్కడి చిన్న సంఘమును మీ ప్రార్థనలలో జ్ఞాపకము చేసికొనండి. ప్రభువు మనలను సిద్ధముగా కాపాడును గాక. ఆమేన్.