దురద పెట్టని మచ్చ

పిన్ని చేతి మీద మచ్చ చూసి అందరం శోభి అనుకున్నాం. చర్మం కంటే కాస్త పాలిపోయి ఉంది. దురద లేదు, నొప్పి లేదు. అసలు మోసం అక్కడే ఉంది. వేడి గిన్నె తగిలి ఆ చోట కాలినా ఆవిడకి తెలీలేదు. బొబ్బ చూసి మేమే చెప్పాం.

ఇంటింటి సర్వేకి వచ్చిన ఆశా దీదీ ఈ సంగతి విని వదల్లేదు, బరంపురంలో డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన పిన్నిని కళ్లు మూసుకోమని, మచ్చ మీద దూదితో తాకి, ఎక్కడ తాకానో చూపించమన్నారు. చూపించలేకపోయింది. మోచేతి దగ్గర నరం తాడులా లావెక్కింది. వీపు మీదవీ కలిపితే మచ్చలు ఐదు దాటాయి. కుష్ఠు. మా ఇంట్లో ఆ మాట పలకరు, "పెద్ద జబ్బు" అంటారు.

శాపమూ కాదు, వంశంలో దిగేదీ కాదు. 1873లో నార్వేలో హాన్సెన్ అనే డాక్టరు కనిపెట్టిన క్రిమి. ఒంట్లో చేరాక బయటపడటానికి ఏళ్లు పడుతుంది. చాలామందికి దాన్ని తట్టుకునే శక్తి ఉంటుంది. చెయ్యి పట్టుకుంటే అంటదు. మందు వాడని రోగితో చాలాకాలం దగ్గరగా మెలిగితేనే భయం. మీ ఇళ్లలో ఎవరికైనా స్పర్శ తెలియని మచ్చ ఉంటే పౌడరు రాసి ఊరుకోకండి.

మందులు ఉచితం. మూడు రకాలు కలిపి 12 నెలలు. మొదటిరోజే మూత్రం ఎర్రగా వచ్చేసరికి పిన్ని హడలిపోయింది. రిఫాంపిసిన్ రంగట అది! క్లోఫాజిమిన్‌తో ఒళ్లు నల్లబడింది. "రోగం కన్నా మందే నన్ను పట్టిచ్చేలా ఉందే" అంది. మందు అయిపోయాక కొన్నాళ్లకి ఆ నలుపు తగ్గుతుందట. మధ్యలో మచ్చలు ఎర్రబడి ఉబ్బినా, నరం నొప్పెట్టినా మందు ఆపకుండా వెంటనే రమ్మన్నారు.

మందుల కన్నా నానమ్మతోనే కష్టమైంది. పిన్నికి విడిగా గ్లాసు, కంచం పెట్టింది. "పుట్టింటికి పంపేద్దాం" అని చిన్నాన్నతో అంది. 2019 దాకా హిందూ వివాహ చట్టంలో కుష్ఠు విడాకులకి ఒక కారణం, తెలుసా? ఆ ఏడు తీసేశారు. అది చదివి వినిపిస్తే నానమ్మ "కోర్టోళ్లకేం తెలుసు" అంది. చిన్నాన్న ఏమీ అనకుండా పిన్ని గ్లాసుతోనే నీళ్లు తాగేశాడు.

ఇప్పుడు తొమ్మిదో ప్యాకెట్టు నడుస్తోంది. స్పర్శ పూర్తిగా రాలేదు. గిన్నెలు మసిగుడ్డతో పట్టుకుంటుంది, పడుకునేముందు చేతులు, పాదాలు చూసుకుంటుంది. ఇంట్లో మా అందరికీ ఒక్కసారి వేసుకునే రిఫాంపిసిన్ ఇచ్చారు. నానమ్మ కూడా మింగింది, గొణుక్కుంటూనే.