వాసనా కావాలి, మళ్లీ మళ్లీ పూయాలి!

బర్మింగ్‌హామ్ నుంచి ష్రూస్‌బరీ వైపు వెళ్లే రైలెక్కితే, వుల్వర్‌హాంప్టన్ దాటిన కాసేపటికి ఆల్‌బ్రైటన్ అనే చిన్న స్టేషన్ వస్తుంది. డేవిడ్ ఆస్టిన్ గులాబీల నర్సరీ ఈ ఊళ్లోనే. వెళ్తే జూన్‌లో వెళ్లండి. పువ్వు కంటే ముందు వాసన ఎదురొస్తుంది.

పొడుగు కాడ గులాబీ కొని, ముక్కు దగ్గర పెట్టుకుని 'ఇంతేనా?' అనుకున్నారా ఎప్పుడైనా? దాని వెనక పెద్ద కథే ఉంది. యూరప్ పాత గులాబీలకు గుప్పుమనే వాసన, ముద్దగా బోలెడు రేకులు. కానీ చాలావరకు వేసవిలో ఒక్క విడత పూసి ఊరుకునేవి. మళ్లీ మళ్లీ పూసే గుణం 18వ శతాబ్దం చివర్లో చైనా గులాబీలతో అక్కడికి చేరింది. తర్వాతి హైబ్రిడ్‌లలో రంగులు, పూత పెరిగాయి. చాలావాటిలో వాసన మాత్రం తగ్గింది.

రైతు కొడుకైన ఆస్టిన్‌కి రెండూ కావాలి. పాత, కొత్త రకాల్ని కలిపి 1961లో 'కాన్‌స్టన్స్ స్ప్రై' తెచ్చారు. అందం, వాసన ఓకే. పూత మాత్రం ఏడాదికి ఒక్కసారే! మా ఆఫీసు భాషలో ఒక ఫీచర్ పెండింగ్. 1969లో 'వైఫ్ ఆఫ్ బాత్' లాంటివి మళ్లీ పూశాయి. 1983లో పసుపు రంగు 'గ్రాహం థామస్' వచ్చాక గానీ ఆయన పేరు మోగలేదు. అంటే 22 ఏళ్లు!

నేను తెచ్చుకున్నది 'గెర్‌ట్రూడ్ జెకిల్'. ముదురు గులాబీ రంగు, అసలు సిసలు గులాబీ వాసన, ముళ్లు కూడా గట్టివే. "నేలలో పెట్టవే, వేళ్లు పారతాయి" అంది అమ్మ వీడియో కాల్‌లో. నిజమే. కానీ ఇల్లు అద్దెది, నా వీసాకి ఇంకా 14 నెలలే. నేలలో పెడితే ఖాళీ చేసే రోజు అది ఓనర్‌దే. అందుకే 45 సెంటీమీటర్ల కుండీ.

రోజూ నాలుగైదు గంటల ఎండ చాలు. కుండీ తొందరగా ఆరిపోతుంది, నీళ్లు మరవకూడదు. వాడిన పువ్వును వెంటనే కత్తిరించాలి. కాయ కట్టనిస్తే మొక్క బలమంతా దానికే పోతుంది. కత్తిరిస్తే కొన్ని వారాల్లో కొత్త మొగ్గలు. చలికాలం చివర్లో కొమ్మల్ని మూడో వంతు కొట్టేయాలి. చేతులు రావు గానీ, తప్పదు.

"వచ్చేటప్పుడు పట్రా" అంటుంది అమ్మ. మొక్కని విమానంలో తేవాలంటే పర్మిట్, క్వారంటైన్... అంత సులువు కాదు. వీసా పొడిగించకపోతే కుండీ పక్కింటి పెద్దావిడకే. ఆవిడ ఇప్పటికే రోజూ కంచె మీంచి వంగి వాసన చూస్తోంది.