బరకం కింద పంట

పెదపాడు నుంచి సముద్రం కనిపించదు. అయినా అల్పపీడనం అన్న మాట చెవిన పడగానే అక్కడి రైతు చూపు ముందు బరకం మీదికే పోతుంది.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వస్తోందన్నప్పుడు డెల్టా అంతటా అదే హడావిడి. కోసిన పనలు చేలోనే ఉన్నాయి, నూర్చిన ధాన్యం రోడ్డు వారన ఆరుతోంది. రాశి పోగుచేసి, బరకం కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టాలి. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రం దగ్గర పేచీ. పరుగంతా ఆ అంకె కోసమే.

డిసెంబరు 5న తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గాలి ఒక పూటలో పోతుంది, నీరు అలా పోదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చేదంతా కొల్లేట్లో చేరి, ఉప్పుటేరు గుండానే కడలికి నడవాలి.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో వేలమంది పోయారు. ఇప్పుడు హెచ్చరిక రోజుల ముందే ఫోనుకి వస్తోంది, మనుషులు పునరావాస కేంద్రాలకు చేరుతున్నారు. మరి ఆరు నెలల కష్టాన్ని ఏ కేంద్రానికి చేర్చాలి?

వాన తెరిపిస్తే బరకం మూల ఎత్తి, నాలుగు గింజలు తీసి, మొలక వచ్చిందేమోనని వెలుతురులో చూస్తారు. రాకపోతే సరే, గోనె సంచులకూ లారీకీ తిరగడం మొదలు.