ఏటిగట్టు మీద ఓ పాత ప్రశ్న

అంతా దేవుడు ముందే నిర్ణయించేశాడా? మనిషి చేతుల్లో ఏమైనా ఉందా? క్రైస్తవం పదహారు వందల ఏళ్లుగా వాదించుకుంటున్న ఈ ప్రశ్న, గోదావరి ఒడ్డున కపిలేశ్వరపురంలో నిలబడితే పుస్తకాల్లోదిలా అనిపించదు.

జొన్నాడ నుంచి కోటిపల్లి వైపు గౌతమి గట్టు వెంబడి వస్తుంటే తగిలే ఊరు కపిలేశ్వరపురం. ఒకపక్క కొబ్బరితోటలు, అరటితోటలు. ఇంకోపక్క ఏరు. ఏటి నడుమ కేదారిలంక, వీధివారిలంక, అద్దంకివారిలంక... మట్టి బంగారమే, పండని పంట లేదు. వరదొస్తే మాత్రం పడవే దిక్కు.

ఈ ఊరి పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది హరికథ. ఇక్కడి శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల ఎందరో ఆడపిల్లల చేతికి చిడతలిచ్చింది. 2024లో పద్మశ్రీ అందుకున్న డి.ఉమామహేశ్వరి నేర్చుకున్నదీ ఇక్కడే. సావిత్రి కథ చెబుతున్నారనుకోండి... భర్త ఆయువు ఏడాదేనని ముందే తెలిసినా ఆమె అతణ్నే ఎంచుకుంటుంది, యముడి వెంట నడుస్తుంది. రాసిపెట్టినది గెలిచిందా, ఆమె పట్టుదల గెలిచిందా? ఆదివారం ప్రార్థనకు కూర్చున్న క్రైస్తవ కుటుంబాన్ని వేధించే ప్రశ్న కూడా ఇంచుమించు ఇదే. కాకపోతే అక్కడ దాని పేరు తలరాత కాదు, దేవుని ముందస్తు నిర్ణయం.

కొలబద్ద చెప్పే మాట

లంకలవాళ్లకు కొన్ని అంకెలు కంఠతా వచ్చు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. అంతకంటే ముందే భద్రాచలం కబురు పంపుతుంది. అక్కడ 43, 48, 53 అడుగులు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం మీదుగా 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. 2022 జులైలోనూ 25 లక్షలు దాటింది.

భద్రాచలంలో కొలబద్ద చూసే ఉద్యోగికి దిగువన లంకలు మునుగుతాయని ముందే తెలుసు. తెలిసినంత మాత్రాన వరద తెచ్చింది అతనేనా? కాదు. బొయీథియస్ అనే రోమన్ పండితుడు ఆరో శతాబ్దంలో మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ జైల్లో రాసిన పుస్తకంలో ఇలాంటి వాదనే ఉంది. దేవుడికి అంతా తెలుసు. కానీ ఆ తెలియడం మనిషి చేతులు కట్టెయ్యదన్నది ఆయన మాట.

చిక్కల్లా ఆ తర్వాతే! కొలబద్ద చూసేవాడు వాన కురిపించలేదు. విశ్వాసి దృష్టిలో దేవుడు అలా కాదుగా. వానా ఆయనదే, ఏరూ ఆయనదే. అలాంటప్పుడు ఆయన కేవలం చూస్తూ ఉన్నాడని ఎలా అనగలం?

ఎక్కడి వాదం... ఎక్కడి గోదావరి!

ఈ చిక్కుముడి మీద పెద్దపెద్దవాళ్లే తలపడ్డారు. అయిదో శతాబ్దంలో అగస్టీన్ మనిషి రక్షణ మొదలయ్యేదే దేవుడి కృపతో అంటే, పెలాగియస్ మంచిని ఎంచుకునే శక్తి మనిషికి ఉందన్నాడు. 1524లో ఎరాస్మస్ మనిషి స్వేచ్ఛను సమర్థిస్తూ పుస్తకం రాస్తే, మరుసటేడే మార్టిన్ లూథర్ ఆ స్వేచ్ఛ సంకెళ్లలో ఉందంటూ జవాబిచ్చాడు. కొందరు రక్షణకూ కొందరు నాశనానికీ ముందే నిర్ణయమై ఉన్నారన్నాడు కాల్విన్. ఎవరు నమ్ముతారో ముందే ఎరిగి దేవుడు ఎన్నుకున్నాడన్నాడు అర్మీనియస్. హాలండ్‌లో 1618-19లో డోర్ట్ నగరంలో జరిగిన సభ అర్మీనియస్ పక్షాన్ని తోసిపుచ్చింది. వాదన మాత్రం ఆగలేదు.

అక్కడి సంఘాలే తర్వాత ఇక్కడికీ వచ్చాయి. 1836లో ఇండియాకు వచ్చిన బౌడెన్, బీర్ నరసాపురం కేంద్రంగా బ్రెదరెన్ సంఘాలకు పునాది వేశారు. రాజమండ్రిలో లూథరన్లు స్థిరపడ్డారు. 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడలో పని మొదలెట్టారు. బాప్టిస్టుల్లోనూ పాత తగవుంది. క్రీస్తు మరణం ఎన్నుకున్నవారి కోసమేనని కొందరు, అందరి కోసమని కొందరు. మొదటి వర్గం నుంచి వచ్చిన విలియం కేరీయే, దేవుడి నిర్ణయం ఉన్నంత మాత్రాన మనం చేతులు ముడుచుకోకూడదని 1792లో పుస్తకం రాశాడు. తర్వాత ఆయన స్థాపించిన సేరంపూర్ మిషన్ నుంచే 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది.

కపిలేశ్వరపురానికి దగ్గర్లోని రామచంద్రపురంలో ఈ వాదానికి ఓ జవాబు కనిపిస్తుంది. ఆ రోజుల్లో కుష్ఠు సోకితే పూర్వజన్మ పాపమనో, దేవుడి శాపమనో ఇంట్లోంచి గెంటేసేవారు. 1900 ప్రాంతంలో కెనడా బాప్టిస్టు మిషనరీ ఇసబెల్ హాచ్ అక్కడ కుష్ఠురోగులకు ఆశ్రమం ఏర్పాటుచేశారు. పుట్టుగుడ్డివాణ్ని చూపించి, ఇది ఎవరి పాపమని శిష్యులు యేసును అడగడం యోహాను సువార్తలో ఉంది. ఇతని పాపమూ కాదు, తల్లిదండ్రులదీ కాదని చెప్పి, ఆయన చేసింది అతనికి చూపు ఇవ్వడం.

తలరాతకూ దైవ నిర్ణయానికీ తేడా తెలిసేది ఇలాంటిచోటే. తలరాత అనుకున్నవాడు కూలబడతాడు. దేవుడి చిత్తమని నమ్మినవాడు లేచి పనిచెయ్యాలి. ఫిలిప్పీలోని సంఘానికి పౌలు రాసిన లేఖ కూడా మీ రక్షణ కోసం మీరే పాటుపడండని చెబుతూనే, మీలో పనిచేసేది దేవుడేనంటుంది. రెంటిలో ఒకటి తీసేస్తే లెక్క సులువవుతుంది. కానీ అప్పుడది పౌలు చెప్పింది కాదు.

అయినా వరదలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గరికెళ్లి ‘అది దేవుడి నిర్ణయమమ్మా’ అనడం ఎంత తేలికో అంత క్రూరం. డోర్ట్ సభ తీర్మానాలు ఆమె కన్నీళ్లు తుడవవు. ఏడ్చేవారితో ఏడవమన్నదీ ఆ పౌలే. పక్కన కూర్చుని ఓ పూట అన్నం వండిపెట్టడమే అక్కడ చెయ్యగలిగిన ప్రసంగం.

రెండో హెచ్చరిక వచ్చిందంటే లంకల్లో ఎవరూ వాదనకు కూర్చోరు. పశువుల్ని విప్పుతారు. బియ్యం మూటలు అటకెక్కిస్తారు. ముసలివాళ్లను ముందు పడవెక్కిస్తారు. పడవ కదిలేటప్పుడు ఒకరు శివుణ్ని తలుచుకుంటారు, ఇంకొకరు యేసును ప్రార్థిస్తారు. గెడ వేయడం మాత్రం ఎవరూ ఆపరు.